జంటయాటలు - మన కోలాటము

ఇరువురు కలసి యాడెడు నృత్యము ఏ దేశమునందైనను మూడు ప్రశ్నలకు సమాధానము చెప్పక తప్పదు. ఎవరు ఎవరితో జతకూడవచ్చును? ఆ జత యెంతసేపు నిలువవలెను? ఇరువురిలో దారి చూపువా రెవరు? అడుగుల వేగము, వాద్యముల మ్రోత, ఉడుపుల తళుకు ముందుగా కంటబడును గాని, ఒక నృత్యశైలికిని మరియొక దానికిని గల ముఖ్యభేదము ఈ మూడింటియందే యున్నది. ఈ ప్రశ్నలకు ఒక సంఘము చెప్పుకొనిన సమాధానమే దాని నృత్యమునందు రూపు గట్టి నిలుచును.

మన పట్టణములలో విద్యావంతులు ఈ విషయమున రెండు పక్షములుగా నున్నారు. పాశ్చాత్యుల జంటనృత్యములన్నియు నొక్కటే, అవి సిగ్గుమాలిన కౌగిలింతలే యని కొందఱి తలంపు. జాతరలో వినవచ్చు కోలాటపు చప్పుడు పల్లెవాండ్ర కాలక్షేపమే గాని అందొక శాస్త్రము లేదని మరికొందఱి తలంపు. మొదటివారు పరదేశపు ఆటను సరిగా చూడలేదు. రెండవవారు తమ యూరి ఆటనే చూడలేదు. గద్వాల, వనపర్తి, నాగరుకర్నూలు సీమలలో కోలాటము నేటికిని జీవించి యున్నది గావున, ఈ రెండింటిని ప్రక్కప్రక్కన నుంచి పరిశీలించుట నిష్ప్రయోజనము గాదు.

మొదట పరదేశపు వానినే చూతము. బాల్‌రూము నృత్యములను పేరుతో నేడు అంతర్జాతీయములైన పోటీలలో ఆడబడునవి పది. అందు ఐదు స్టాండర్డు శాఖకును, ఐదు లాటిన్ శాఖకును జెందినవి. వాల్ట్జు, టాంగో, వియన్నా వాల్ట్జు, ఫాక్స్‌ట్రాటు, క్విక్‌స్టెప్పు అనునవి స్టాండర్డు శాఖలోనివి. వీనియందు స్త్రీపురుషులు ఎదురెదురుగా నిలుతురు. పురుషుని కుడిచేయి స్త్రీ యెడమ భుజఫలకము క్రిందను, అతని యెడమచేయి ఆమె కుడిచేతి యందును ఉండును. ఆ కట్టును ఆట ముగియువరకు విడువక, గది చుట్టును అప్రదక్షిణముగా సాగిపోవుదురు. దారి చూపుట పురుషుని పని. అనుసరించుట స్త్రీ పని. ఇది వాని సామాన్యలక్షణము.

ఇంతమాత్రమున ఐదును ఒక్కటే యనరాదు. వాల్ట్జునకు మూడు మాత్రల తాళము. నిమిషమునకు 28 మొదలు 30 వరకు ఆవర్తములు నడచును. మునివేళ్లపై లేచి మరల మెల్లగా దిగుట దాని జీవము. వియన్నా వాల్ట్జు అదే తాళమున 58 మొదలు 60 ఆవర్తముల వేగముతో నడచును. అంత వేగమున చిత్రగతులకు తావుండదు. గిరగిర తిరుగుటయే దాని సొగసు. ఫాక్స్‌ట్రాటు నాలుగు మాత్రలది. నీటిపై పడవ సాగినట్లు పొడవైన అడుగులతో జారిపోవును. క్విక్‌స్టెప్పునకును నాలుగు మాత్రలే గాని వేగము 50 మొదలు 52 ఆవర్తములు. అందు గంతులు, పరుగులు హెచ్చు. టాంగో వీనినుండి వేరు. అందు లేచుట దిగుట లేదు. మోకాళ్లు కొంచెము వంగి యుండును; నడక పిల్లినడక; నడుమ నడుమ తటాలున నిలిచిపోవుటయు, మెడను చివుక్కున త్రిప్పుటయు గలవు.

లాటిన్ శాఖలోనివి శాంబా, చాచాచా, రుంబా, పాసొడోబ్లే, జైవు. ఇందు కట్టు సడలును. జతవారు ఒక్క చేతితోనే పట్టుకొనవచ్చును. చేయి విడిచి దూరముగ జరిగి మరల కలిసికొనవచ్చును. రుంబా నిమిషమునకు 25 మొదలు 27 ఆవర్తముల మందగమనముతో నడుముకదలికపై ఆధారపడును. జైవు 42 మొదలు 44 ఆవర్తముల జోరుతో నడచును. పాసొడోబ్లేలో పురుషుడు స్పెయినుదేశపు వృషభయోధుని యభినయమును చూపును. శాంబా, పాసొడోబ్లేలు గది పొడవునను సాగును. తక్కిన మూడును హెచ్చుగా ఉన్నచోటనే జరుగును.

ఒకే పేరుగల ఆటలో సైతము భేదము లున్నవి. పోటీలలోని టాంగోకును, అర్జెంటీనాలో జనులు తమ కూటములలో ఆడుకొను టాంగోకును పేరే సామ్యము. బ్యూనస్ ఎయిరిస్ నగరపు టాంగోలో ముందుగా కూర్చిన వరుస లేదు. ఎదుటివారి ఱొమ్ముకదలికనుబట్టి మరుయడుగు అప్పటికప్పుడు పుట్టును. ఈ టాంగోను 2009లో యునెస్కో మానవజాతి వారసత్వపు పట్టికలో చేర్చినది. అమెరికాలోని స్మూత్ అను శాఖలో వాల్ట్జు నడుమను చేతులు విడువవచ్చును. అంతర్జాతీయపద్ధతిలో అది దోషము. నేడు హైదరాబాదులోని యువకులు నేర్చుకొను సాల్సాలోను, మొదటి మాత్రకు అడుగు మార్చవలెననువారొకరు, రెండవ మాత్రకనువారొకరు. ఇంత భేదమున్నచో అన్నియు నొక్కటేయని త్రోసిపుచ్చుట ఎట్లు?

ఇక సిగ్గు మాట. వాల్ట్జును మొదట నిందించినది మనము కాము, ఆంగ్లేయులే. 1816వ సంవత్సరమున లండనులో యువరాజుగారి విందునందు వాల్ట్జు నాడగా, టైమ్సు పత్రిక దానిని అసభ్యమైన పరదేశనృత్యమని సంపాదకీయముననే గర్హించినది. అంతకు మునుపు బైరను కవియు దానిని పరిహసించుచు కావ్యము వ్రాసెను. ఆ యాటయే మరి నూరేండ్లకు ఆంగ్లేయమర్యాదకు చిహ్నమయ్యెను. మనదేశమున భారతీయులకు గడప దాటనీయని క్లబ్బులు పెక్కింటియందు అది దొరతనపు గుర్తుగా వెలసెను. హైదరాబాదులో 1893 నాటికి పూర్తియైన ఫలక్‌నుమా సౌధమునందు బాల్‌రూము నొకదానిని గట్టుట ఆ కాలపు మర్యాదకు సాక్ష్యము. ఒకనాటి సిగ్గు మరునాటి గౌరవమగుట లోకమున క్రొత్త గాదు.

ఈ నృత్యములు దొరల యింట పుట్టినవియు గావు. టాంగో బ్యూనస్ ఎయిరిస్, మాంటివిడియో నగరముల పేదపేటలలో పుట్టినది. శాంబా బ్రెజిలునకు బానిసలుగా గొనిపోబడిన ఆఫ్రికావాసుల సంతతి సొత్తు. రుంబా, చాచాచాలు క్యూబావి. జైవునకు మూలము అమెరికాలోని నల్లజాతివారి నృత్యము. లండనులోని ఉపాధ్యాయులు చేసినపని యేమనగా, 1920 మొదలు 1929 వరకు పలుమారులు సభదీరి, ఏ మాత్రకు ఏ కాలు కదలవలెను, మడమ ముందా మునివ్రేళ్లు ముందా, ఒంటి మలుపు ఎంత అనునట్టి విషయములను చర్చించి, నిర్ణయించి, వ్రాసికొనుట. వీథిలోని ఆట అక్షరమున కెక్కెను; అక్షరమున కెక్కినది పాఠమయ్యెను; పాఠమైనది భూగోళమంతట వ్యాపించెను. పరదేశపు నృత్యమునందు మనము గ్రహింపదగినది ఈ పరిశ్రమ.

దీనివలన కలిగిన నష్టమును గూడ చూడవలెను. జతవారు ఏండ్లతరబడి ఒకరితో నొకరే సాధనచేసి పోటీకి వత్తురు. ఆట వారి యానందమునకుగాక న్యాయనిర్ణేతల కంటికై సాగును. వేగము ముందే నిర్ణీతమగుటచే వాద్యగాని యిచ్ఛకు చోటుండదు. వాల్ట్జు రాకమునుపు ఆంగ్లేయుల పల్లెటూరి నృత్యము ఇట్లు లేదు. అందు పెక్కుజంటలు రెండు బారులుగా గాని, వలయముగా గాని నిలిచి, ఒక్కొక్క చుట్టునకు ఒక్కొక్క స్థానము జరుగుచు, అందఱును అందఱిని కలిసికొనుచుండిరి. జాన్ ప్లేఫర్డు 1651లో ప్రకటించిన పుస్తకమున అట్టి నృత్యములు 105 గలవు. వారి పల్లెలలోని మారిస్ నృత్యములలో కొన్నిట కోలలు పట్టి ఎదుటివాని కోలతో తాకించుటయు గలదు. ఇవి నశించుచున్న సమయమున సెసిల్ షార్పు అను సంగీతోపాధ్యాయుడు 1899లో ఆక్సుఫర్డు చెంతగల హెడింగ్టన్ పల్లెలో మారిస్ ఆటను చూచి, పాటను వ్రాసికొని, పిదప ఊరూర తిరిగి సేకరించి, 1911లో జానపదనృత్యసంఘమును స్థాపించెను. సీమదొరలకు సైతము తమ పల్లెలోని కోలలే తుదకు జాతిసంపదగ కనబడెను.

ఇప్పుడు మన యింటికి మరలుదము. ఇరువురు పలువురతో గూడి యాడుట మనకు క్రొత్తవిద్య కాదు. భరతుని నాట్యశాస్త్రము నాలుగవ యధ్యాయమున పిండి, శృంఖలిక, లతాబంధము, భేద్యకమని సమూహనృత్యపు కూర్పులను నాలుగువిధములుగ చెప్పినది. పేర్లలోనే రూపము తోచుచున్నది: ముద్దగ గూడుట, గొలుసుగ చేరుట, తీగలవలె అల్లుకొనుట, మరల విడివడుట. భాగవతములోని రాసక్రీడయందు ఇరువురు గోపికల నడుమ నొక్కొక్క కృష్ణుడు నిలిచెను. అనగా ప్రతివారికిని జత యున్నది, అయినను వలయము తెగలేదు. కాకతి గణపతిదేవుని గజసాహిణియైన జాయపసేనాని 1253-54 ప్రాంతమున రచించిన నృత్తరత్నావళిలో మార్గనృత్యముతోపాటు దేశినృత్యములను విరివిగా వర్ణించి, అందు దండరాసకమును జేర్చెను. దండమనగా కోలయే గదా. కాకతీయసామంతులైన గోనవారి వర్ధమానపురము నేటి నాగరుకర్నూలు జిల్లాలోని నందివడ్డెమానే. కావున కోలలు పట్టి జతగూడి యాడుట తెలుగుసీమలో ఏడువందల యేండ్లక్రిందనే శాస్త్రకర్తల దృష్టి నాకర్షించినదనుట నిస్సందేహము.

నేటి కోలాటమును గమనింపుడు. ఆటగాండ్ర సంఖ్య సరిసంఖ్యగా నుండవలెను. ఒక్కొక్కరికి రెండు కోలలు. ఎదుటి జతకానిని ఉద్ది యందురు. అడుగులును కోలతాకులును కలిసిన కూర్పునకు కోపు అని పేరు. నాయకుడు పాట నెత్తుకొనును, తక్కినవారందుకొందురు, మద్దెల, తాళములు తోడగును. ఆట మందగతిని మొదలై, నాయకుని యీలకు కోపు మారుచు, క్రమముగ వడి హెచ్చి, తుదకు కోలల ధ్వని వానజల్లువలె నగును. వలయమున లోపలిబారు ఎనమండుగురు, వెలుపలిబారు ఎనమండుగురు ఉన్నారనుకొందము. తాకు ముగిసినప్పుడెల్ల వెలుపలివారొక స్థానము జరుగుదురేని, ఎనిమిదవమారు జరుగునప్పటికి ప్రతివారును ఎదుటిబారువారి నందఱిని కలిసికొని, మొదటి ఉద్దిని మరల చేరుదురు. జడకోలాటమున పైనుండి వ్రేలాడు త్రాళ్లను ఒక్కొక్కరొక్కటి పట్టి, ఒకరిని దాటి యొకరు నడచుచుండగా జడ యల్లబడును; అదే నడక వెనుకకు మరలగా జడ విడివడును. ఒక్కరు తప్పినచో చిక్కు అందఱిదియు నగును. భరతుని లతాబంధమును భేద్యకమును ఇక్కడ గుడిముందు కన్నులార చూడవచ్చును.

బతుకమ్మను దీనితో కలిపివేయరాదు. అందు జత లేదు. నడుమ పూలపేర్పు, చుట్టును చప్పట్లు చరచుచు తిరుగు స్త్రీలు. చూపు ఉద్దిపై గాక దేవతపై నుండును. చిరుతల భజనలో ఎవరి చిరుతలు వారి చేతిలోనే మ్రోగును. ఎదుటివాని యవసరము తాళమునకు లేదు. కోలాటమున మాత్రము ఎదుటివాడు లేనిదే సగము తాళము లేదు. తాకుటకు కోల లేనిచో నా కోల గాలిని గొట్టును. జంటయాట యను పేరునకు ఇంతకన్న తగినది ఏమున్నది?

మొదట చెప్పిన మూడు ప్రశ్నలను ఇప్పుడు మరల వేసి చూతము. వాల్ట్జులో జత ఆట ముగియువరకు స్థిరము; కోలాటమున తాకుతాకునకు మారును. వాల్ట్జులో దారి చూపువాడు జతలోని పురుషుడు. కోలాటమున ఉద్దు లిరువురును సమానులు, నాయకత్వము వలయమంతటికి నొక్కటి. వాల్ట్జులో దేహమునకు దేహము ఆధారము. కోలాటమున నడుమ కోల యున్నది, తాకిడి యున్నది, దూరమును ఉన్నది. ఒకటి ఇరువురి యేకాంతమును నలుగురిలో నిలుపును. రెండవది నలుగురిని ఇరువురిరువురుగా కలుపును. ఒకటి గొప్పది, ఒకటి తక్కువది యనుట నా యుద్దేశము గాదు. రెండును రెండు సంఘములు తమకై యేర్పరచుకొనిన మర్యాదలు.

అయితే మన వలయమును పొగడుటకు ముందు దానిలో ఎవరికి చోటుండెనో యడుగవలసి యున్నది. మల్దకల్ తిమ్మప్ప జాతర గద్వాల జిల్లాలోను, శ్రీరంగాపురము రంగనాయకుల యుత్సవము వనపర్తి జిల్లాలోను, సింగోటము లక్ష్మీనరసింహుని జాతర నాగరుకర్నూలు జిల్లాలోను ప్రసిద్ధములు. ఇట్టి క్షేత్రముల చెంత భజనమండలుల యాటపాటలు తరతరములుగా సాగినవి. కాని దేవళపు ప్రాంగణమున కోల పట్టుటకు ఊరివారందఱికిని అర్హత యుండినదా? లేదు. వాడవాడకు వేరు వలయము. మాలమాదిగవాడల కోలలు గుడికి దూరముననే మ్రోగినవి. అందఱిని కలుపు శక్తిగల ఆటను సగము ఊరికే పరిమితము చేయుట ఆట తప్పు గాదు, మన తప్పు. క్లబ్బు గడప దాటనీయని దొరను నిందించిన నోటితో, గుడిముంగిట మనమే గీచిన గీతను సమర్థింప వీలులేదు.

సంస్థానముల మాటయు చెప్పవలెను. విద్వద్గద్వాలయని పేరొందిన గద్వాల కోటలో పండితసభలు జరిగినవి. కవులు దూరదేశములనుండి వచ్చి వార్షికములందుకొని పోయినవారు. వనపర్తి ప్రభువులును విద్యాపోషకులే. అవధానములు, శ్లోకములు, పద్యములు వ్రాతకెక్కినవి. కాని వీథిలో ఆడిన కోపుల మాట ఎవరికి పట్టినది? 1948లో నైజాము పాలన ముగిసెను, సంస్థానములును పోయినవి. వనపర్తి రాజసౌధమున 1959లో పాలిటెక్నిక్ కళాశాల వెలసెను. 2016లో ఈ మూడు పట్టణములును మూడు జిల్లాలకు ముఖ్యస్థానములయ్యెను. పాలనలు మారినను ఆ లోపము మాత్రము తీరలేదు. ఈ సీమబిడ్డయే యైన సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో ప్రకటించిన ఆంధ్రుల సాంఘికచరిత్రలో రాజుల యుద్ధములను ప్రక్కకు నెట్టి, ప్రజల తిండిని, కట్టును, ఆటలను, వినోదములను చరిత్రగా నిలిపిరి. 1952లో వనపర్తివారు ఆయనను శాసనసభకు పంపిరి. ఆయన చూపిన త్రోవ యెదుటనే యున్నది, నడచువారే తక్కువ.

నేడు కోలాటము చచ్చినదని విలపింపవలసిన పని లేదు. పూర్వము పురుషులే హెచ్చుగా కోల పట్టిన ఊళ్లలో నిప్పుడు స్త్రీల మండలులు వెలసినవి. అది మెచ్చదగిన మార్పు. భయము మరియొకచోట నున్నది. వేదికపై ఆడునప్పుడు వలయము విచ్చి, బారులు తీరి, ముఖములన్నియు ప్రేక్షకుల వైపునకు తిరుగుచున్నవి. ఉద్ది మారుట తగ్గినది. ప్రక్కవారితో చేసిన తాకునే తుదివరకు చేయుచున్నారు. పాట యంత్రమునుండి వచ్చుచున్నది. వేగము నాయకుని యీలయందు గాక ఆ యంత్రమునందున్నది. అందఱికి నొకే రంగు చీర, చేతికి నొకే రంగు కోల. ఆట నాలుగు నిమిషములలో ముగియును. బాల్‌రూము నృత్యమునకు పోటీలవలన కలిగిన నష్టమును మనము కోరి తెచ్చుకొనుచున్నాము. కాని వారు వ్రాసికొనినట్లు వ్రాసికొనుట మాత్రము మనకు రాలేదు. వారి దోషము మనకబ్బినది. వారి గుణము అబ్బలేదు.

చేయవలసినది కష్టసాధ్యము గాదు. మూడు జిల్లాలలోని ఉపాధ్యాయులు తమ తమ యూళ్లలోని పాతగురువుల చెంత కూర్చుండి, ఒక్కొక్క కోపుయొక్క పేరు, తాకుల లెక్క, అడుగుల వరుస, ఉద్ది మారు రీతి, దానికి దగిన పాట వ్రాసికొనవలెను. నేడు ప్రతి యింటనున్న చేతిఫోనుతో ఆ యాటను చిత్రింపవచ్చును గాని, చిత్రమొక్కటే చాలదు. లెక్క తెలియనివానికి చిత్రము చప్పుడే. బడిలో కోలాటము నేర్పునప్పుడు ఉద్ది మారెడు కోపులనే ముందుగా నేర్పవలెను. పదహారుగురు పిల్లలలో ఏ యిద్దఱును ఎడమొగము పెడమొగముగ నుండక, పేరు అడుగక, కులమెంచక, కోలకు కోల కలుపుట ఏ నీతిపాఠమునకును దీసిపోదు. ఉత్సవములు నడపు పెద్దలు వేదికకన్న ముందు ముంగిట వలయమునకు సమయమీయవలెను. ఆ వలయమున ఏ వాడవారికైనను చోటుండవలెను. భూమిగల గృహస్థులు పండుగకు పెట్టు వ్యయమున మద్దెలకాని భత్యమును జేర్చినచో పాట యంత్రమునుండి మనుష్యుని గొంతునకు మరల వచ్చును.

పరదేశపు నృత్యమును నేర్చుకొనువారిని నిందింపబని లేదు. వాల్ట్జు చక్కగా నాడు తెలుగు యువతి తెలుగుతనమును పోగొట్టుకొనదు. తన యూరి కోపు పేరు అడిగినప్పుడు నోట మాట రాకపోవుటయే లోటు. హెడింగ్టన్ పల్లెవారి ఆటను వ్రాసికొనుటకు సెసిల్ షార్పు వచ్చునప్పటికి అది కొనయూపిరితో నుండినది. గద్వాలలోను, వనపర్తిలోను, నాగరుకర్నూలులోను కోలలింకను మ్రోగుచునే యున్నవి. మనము వెదకికొనవలసిన యవస్థ రాలేదు. చెంత నిలిచి విని, లెక్కించి, వ్రాసికొనిన జాలును. అది ఈ తరమువారే చేయవలెను. ఏలయన, కోపుల పేర్లెరిగిన గురువులు ఈ తరముతోనే పోవుచున్నారు.